కరక్కాయ, పిప్పలి, ఆరు మొండి సూక్ష్మజీవులు: పర్లాకిమిడి నుంచి నా ప్రాజెక్టు డైరీ

జనవరి 8

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు ఈ రోజు మొదలైంది. విషయం ఒక్క మాటలో చెప్పాలంటే, మన చుట్టుపక్కల గాయాలకు వాడే మొక్కల సారాలు మందులకు లొంగని బ్యాక్టీరియా మీద పనిచేస్తాయా లేదా చూడటం. ఈ విషయం ఎందుకు ఎంచుకున్నానో ముందే రాసి పెడతాను, తర్వాత మర్చిపోతానని కాదు, ఫలితాలు చూసేటప్పుడు నా మనసు ఎటు మొగ్గుతుందో నాకే గుర్తుండాలని. పోయిన ఏడాది నాన్న కాలికి షుగర్ పుండు పడింది. నాలుగు నెలలు మానలేదు. చీము కల్చర్‌కి (అందులోని బ్యాక్టీరియాని పెంచి ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్షకి) పంపితే వచ్చిన రిపోర్టులో మందుల పేర్ల పక్కన వరసగా 'ఆర్' అనే అక్షరమే, అంటే రెసిస్టెంట్. కింద ఎమ్మార్‌ఎస్‌ఏ అని రాసి ఉంది. డాక్టరు ఆ రిపోర్టు చూసి మందు మార్చి, రోజూ డ్రెస్సింగ్ చేయించి, షుగర్ అదుపులోకి తెస్తే గాని మానలేదు. ఆ నాలుగు నెలల్లో మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ కరక్కాయ నీళ్లతో కడగమనే చెప్పారు. మేము కడగలేదు. అయినా ఆ మాట నా బుర్రలోంచి పోలేదు.

ఎమ్మార్‌ఎస్‌ఏ అంటే మన చర్మం మీదా ముక్కులోనూ మామూలుగా ఉండే స్టెఫైలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియానే. పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియా గోడ కట్టే ప్రొటీన్లకు అతుక్కుని ఆ పని ఆపుతాయి. ఇది మాత్రం మెక్-ఏ అనే జన్యువు సంపాదించి, ఆ మందులు సరిగా అతుక్కోలేని వేరే ప్రొటీన్‌ని తయారుచేసుకుంటుంది. మందు ఉన్నా గోడ కట్టుకుంటూనే పోతుంది. 2019లో ప్రపంచం మొత్తం మీద మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమైన మరణాలు సుమారు 12.7 లక్షలని లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క. ఆ లెక్కలో చేరకుండా మా నాన్న బయటపడ్డారు.

మొక్కలు నాలుగే తీసుకున్నాను: కరక్కాయ, దానిమ్మ తొక్క, నేలవేము, పిప్పలి. నా ప్రాజెక్టు గైడ్ మేడం పది తీసుకోమన్నారు గాని, పదింటిని పైపైన చూసే కంటే నాలుగింటిని లోతుగా చూస్తానని బతిమాలాను.

జనవరి 19

సేకరణ. దానిమ్మ తొక్క పళ్ల రసం బండి దగ్గర దొరికింది, అందులో చెప్పేదేమీ లేదు. పిప్పలి మూలికల కొట్లో కొన్నాను (మన్యంలో పాడేరు, చింతపల్లి వైపు మోడి, అంటే దీని వేళ్ల కోసం దీన్ని సాగు కూడా చేస్తారు). నేలవేము మా పెదనాన్న గారి పొలం గట్టు మీద ఉన్నదే, పూత మీద ఉండగా వేళ్లతో సహా పీకి, ఒక కొమ్మ పేపర్ల మధ్య అదిమి బోటనీ డిపార్ట్‌మెంట్‌లో చూపించి పేరు ఖాయం చేయించుకున్నాను. ఈ పని చాలామంది వదిలేస్తారు, మొక్క ఏదో గట్టిగా తేలకపోతే తర్వాత చేసే పనంతా గాలిలో పోయినట్టే.

కరక్కాయ కోసం సంతకి వెళ్లాను. ఒడియాలో హరిడా అంటారు. మూడు చోట్ల కొన్నవి మూడు రకాలుగా ఉన్నాయి, ఒకటి పసుపు, ఒకటి నల్లగా ముడతలు పడింది, ఒకదానిలో పురుగు. అక్కడే కొండ మీద సవర గిరిజనుల ఊరి నుంచి వచ్చి మూలికలు అమ్మే ఒక తాత పరిచయమయ్యాడు. ఆయన దగ్గర కూర్చుని గంటన్నర మాట్లాడాను. తెలుగు, ఒడియా, సవర మూడూ కలిపి మాట్లాడతాడు. గాయాలకు ఏమేం వాడతారో చెప్తూ ఒక మొక్క చూపించి, "ఇది మా ఇంటిది, పుస్తకంలో ఎక్కించకమ్మా" అన్నాడు. ఆ మొక్క పేరు నేను ఎక్కడా రాయలేదు, ఇక్కడా రాయను, పరీక్షించను కూడా. కరక్కాయ, దానిమ్మ అందరికీ తెలిసినవే కాబట్టి వాటి గురించి ఏమైనా రాసుకో అన్నాడు. నోట్‌బుక్‌లో 'కరక్కాయ నీళ్లు, గాయం కడగడానికి' అని రాసుకున్నాను.

ఇంటికొస్తూ గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. ఈ పర్లాకిమిడిలోనే పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వేశారు. ఆయన ఒక మనిషి చెప్పిన మాటని చెప్పినట్టే రాసుకునేవారు. నేను గంటన్నర విని రాసుకున్నది ఆ ఒక్క వాక్యం.

ఫిబ్రవరి 2

సారం తీయడం. నీడలో పదకొండు రోజులు ఎండబెట్టాను. కరక్కాయ గింజ తీసేసి పెచ్చు మాత్రమే దంచాలి, తెలియక మొదటి రోజు గింజతో సహా మిక్సీలో వేస్తే బ్లేడు పోయింది. తర్వాత రోట్లో దంచి, జల్లించాను. ఒక్కో పొడి 10 గ్రాములు, 100 మి.లీ. 70 శాతం ఇథనాల్‌లో మూడు రోజులు నానబెట్టి, రోజుకి నాలుగైదు సార్లు కుదిపి, వాట్‌మన్ 1 కాగితంలో వడకట్టాను. ఇంకో భాగం వట్టి నీళ్లలో. మా దగ్గర రోటరీ ఇవాపరేటర్ (తక్కువ వేడి మీదే ద్రావకాన్ని ఆవిరి చేసే యంత్రం) లేదు, వాటర్ బాత్ మీద 45 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టడమే. త్వరగా అయిపోతుందని వేడి పెంచాలనిపిస్తుంది, పెంచకూడదు. మలేరియా మందు ఆర్టిమిసినిన్ కథ అదే కదా, చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం వేడితో తీసినప్పుడు సరైన ఫలితం రాలేదు, పాత చైనా వైద్యగ్రంథంలో ఆకుని నీళ్లలో నానబెట్టి పిండమని ఉన్న మాట చూసి, తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో తీస్తే పనిచేసింది. 2015లో నోబెల్ వచ్చింది.

10 గ్రాముల కరక్కాయ నుంచి 4.1 గ్రాముల సారం వచ్చింది, గోధుమరంగు గాజు పెంకుల్లా. నేలవేము 0.9 గ్రాములే, నల్లటి ఆకుపచ్చ జిగురు, గరిటెకి అంటుకుని వదలదు.

ఫిబ్రవరి 14

బ్యాక్టీరియా వచ్చి మూడు రోజులైంది. ఒక ఆసుపత్రి ల్యాబ్ వాళ్లు అనుమతి పత్రాలు చూసి, రోగుల వివరాలేవీ లేకుండా నంబర్లు మాత్రమే వేసి ఆరు ఎమ్మార్‌ఎస్‌ఏ ఇచ్చారు. వాటికి తోడు పోలిక కోసం ప్రామాణిక స్ట్రెయిన్లు (లక్షణాలు ముందే తెలిసిన రకాలు) రెండు, స్టెఫైలోకాకస్ ఆరియస్ ఏటీసీసీ 25923, ఈ.కోలై ఏటీసీసీ 25922. బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే పని, రెండు జతల గ్లౌజులు. ఇంట్లో మానుతున్న కాలు పెట్టుకుని ఉన్న మనిషి ఉన్నాడు కాబట్టి నేను ల్యాబ్ కోటు ఇంటికి తీసుకెళ్లను, ఇక్కడే ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడితో కూడిన ఆవిరిలో సూక్ష్మజీవుల్ని చంపి) ఉతుకుతాను.

ముందు ఆరూ నిజంగా ఎమ్మార్‌ఎస్‌ఏనేనా అని సెఫాక్సిటిన్ అనే యాంటీబయాటిక్ 30 మైక్రోగ్రాములు పట్టించిన డిస్క్‌తో (చిన్న కాగితపు బిళ్లతో) చూశాను. చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం 21 మి.మీ. గాని అంతకంటే తక్కువ గాని వస్తే రెసిస్టెంట్. ఆరింటికీ 6 నుంచి 14 లోపే వచ్చింది. ఏటీసీసీ స్ట్రెయిన్‌కి 26 వచ్చింది, 23 నుంచి 29 మధ్య ఉండాలి, కాబట్టి నా మీడియా, డిస్కులు బాగానే ఉన్నట్టు.

తర్వాత అసలు పని. ముల్లర్ హింటన్ అగార్ (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) 4 మి.మీ. మందంలో పోసి, 0.5 మెక్‌ఫార్లండ్ (బ్యాక్టీరియా ఎంత ఉందో చెప్పే కొలమానం) మబ్బుతనానికి సరిచేసిన బ్యాక్టీరియా పూసి, 6 మి.మీ. గుంటలు చేసి, ఒక్కోదానిలో 50 మైక్రోలీటర్లు. సారం బలం మి.లీ.కి 100 మి.గ్రా. పక్క గుంటలో సారం కరిగించడానికి వాడిన డీఎమ్‌ఎస్‌ఓ ద్రావణం ఒక్కటే.

ఫిబ్రవరి 15

ఉదయం ఏడున్నరకి ఇంక్యుబేటర్ తలుపు తీశాను. కరక్కాయ గుంట చుట్టూ 21 మి.మీ. ఖాళీ. ఆరు ప్లేట్లలోనూ 19 నుంచి 22. దానిమ్మకి 17. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, నా గొంతు వణికింది. నేలవేముకి ఎమ్మార్‌ఎస్‌ఏ మీద 9, ఈ.కోలై మీద ఏమీ లేదు, గుంట అంచు దాకా పచ్చికలా పెరిగింది. ఈ.కోలై లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాకి బయట ఇంకో పొర ఉంటుంది, లోపలికి వచ్చినదాన్ని బయటికి తోసే పంపులూ ఉంటాయి, మొక్కల సారాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

మేడం ప్లేట్లు చూసి రెండే ప్రశ్నలు అడిగారు. "పీహెచ్ ఎంత?" చూడలేదు. కాగితం ముంచితే 3, అంటే బాగా పులుపు. "గుంటలో ఎంత సారం పోశావు?" 50 మైక్రోలీటర్లు, అంటే 5 మి.గ్రా., అంటే 5000 మైక్రోగ్రాములు. సెఫాక్సిటిన్ డిస్కులో ఉన్నది 30 మైక్రోగ్రాములు. దానికి 166 రెట్లు పోసి వచ్చిన వలయాన్ని పక్కపక్కన పెట్టి పోల్చబోయాను నేను. ఆవిడ ఇంకేమీ అనలేదు. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేసి పీహెచ్ 7కి తెచ్చి మళ్లీ పెట్టాను.

ఫిబ్రవరి 17

21 కాస్తా 15 అయింది. అంటే నేను చూసి సంబరపడినదానిలో కొంత వట్టి పులుపు. నిమ్మరసం పోసినా అంత వలయం రావచ్చు. కానీ 15 మిగిలింది, అది పులుపు కాదు.

ఫిబ్రవరి 27

ఈ వారమంతా పోయింది. నీటి సారాల గుంటల చుట్టూ ఖాళీ బదులు తెల్లటి ముడతలు పడ్డ కాలనీలు, సారంలోంచే వచ్చినవి. ఎండబెట్టిన పొడుల్లో బాసిల్లస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, నీళ్లలో నానబెడితే చక్కగా లేచి కూర్చుంటాయి. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకడదామంటే కరక్కాయ సారం రెండు మి.లీ.కే ఫిల్టర్ పూడుకుపోయింది, ఒక్కో ఫిల్టర్ ఖరీదు తలుచుకుంటే గుండె గుబేలు. ముందు సెంట్రిఫ్యూజ్‌లో మడ్డి అడుక్కి దించి, పైనున్న తేట మాత్రమే వడకడితే సరిపోయింది. పని చేయబోయేవాళ్లు ఎవరైనా ఉంటే మొదటి రోజు నుంచీ అలాగే చేయండి.

మార్చి 11

వలయాల పని ఆపేశాను. వలయం ఎంత పెద్దదన్నది మందు బలం మీద మాత్రమే కాదు, అగార్‌లో అది ఎంత తేలిగ్గా పాకుతుందన్నదాని మీద కూడా ఉంటుంది. ఇప్పుడు 96 గుంటల ప్లేట్‌లో ఎమ్‌ఐసీ, అంటే పెరుగుదల ఆపడానికి కావలసిన అతి తక్కువ మోతాదు. ఒక్కో గుంటకి సారం బలం సగానికి సగం తగ్గించుకుంటూ పోవడం, చివర మి.లీ.కి సుమారు 5 లక్షల బ్యాక్టీరియా ఉండేలా కలపడం.

చెప్పడానికి తేలిక. కరక్కాయ సారం బాగా బలంగా ఉన్న గుంటల్లో టీ డికాక్షన్ రంగులో ఉంది, మబ్బు పట్టిందో లేదో కంటికి తెలియదు. పైగా అందులోని టానిన్లు (వగరు పదార్థాలు) బ్రాత్‌లో (బ్యాక్టీరియాని పెంచే ద్రవంలో) ఉన్న ప్రొటీన్లని పట్టుకుని ముద్దకట్టిస్తాయి, పెరగకపోయినా పెరిగినట్టే మబ్బుగా కనిపిస్తుంది. అందరూ చేసేట్టే రెజజూరిన్ రంగు వేశాను, అది నీలం, బతికున్న బ్యాక్టీరియా ఉంటే గులాబీ అవుతుంది. అరగంటలో మొదటి మూడు వరసలూ గులాబీ. బ్యాక్టీరియా వేయకుండా వట్టి సారం ఉంచిన గుంటలు కూడా గులాబీయే! సారమే రంగుని మార్చేస్తోంది. ఆ బ్యాక్టీరియా లేని వరస పెట్టకపోయి ఉంటే, సారం పనిచేయలేదని రాసేసేదాన్ని.

చివరికి రంగు మానేసి, ప్రతి గుంట నుంచి 5 మైక్రోలీటర్లు తీసి మామూలు అగార్ మీద చుక్క పెట్టి, మర్నాడు ఏ చుక్క పెరిగిందో చూశాను. ఆరు బ్యాక్టీరియా, నాలుగు సారాలు, ఎనిమిది మోతాదులు, మూడేసి సార్లు. ఐదు వందల డెబ్బై ఆరు చుక్కలు. మెడ పట్టేసింది కానీ ఆ ప్లేట్లు చూస్తే నమ్మకం కలిగింది.

కరక్కాయ (పీహెచ్ సరిచేసినది): ఐదింటికి మి.లీ.కి 1 మి.గ్రా., ఒకదానికి 2. దానిమ్మ తొక్క: 2. నేలవేము: 8కి కూడా పూర్తిగా ఆగలేదు. పిప్పలి: ఆగలేదు. ముడి సారమైతే 0.1 మి.గ్రా. లోపు వచ్చినదాన్నే గట్టిదిగా లెక్కేస్తారు. కాబట్టి నాది నడిమి రకం. ఈ చుక్క పద్ధతిలో తేలింది ఆపడమో చంపడమో విడదీయలేనని కూడా నోట్‌బుక్‌లో రాశాను.

మార్చి 24

రెండు వారాలుగా నాలో ఒకటే ప్రశ్న. గాయంలో బ్రాత్ ఉండదు, చీము, రక్తరసం ఉంటాయి, అంటే నిండా ప్రొటీన్. టానిన్లు ప్రొటీన్‌ని చూస్తే వదలవు, తోలు పదును చేయడానికి కరక్కాయ వాడేది అందుకే కదా. మరి గాయంలో అవి బ్యాక్టీరియాని పట్టుకుంటాయా, చీముని పట్టుకుని అక్కడితో ఆగిపోతాయా?

బ్రాత్‌లో 2 శాతం అల్బుమిన్ (రక్తరసంలో ఉండే ప్రొటీన్) కలిపి అదే పరీక్ష మళ్లీ పెట్టాను. ఎమ్‌ఐసీ 1 ఉన్నవి 8 మి.గ్రా. దగ్గర కూడా హాయిగా పెరిగాయి. జెలటిన్‌తో టానిన్లని ముద్దకట్టించి తీసేసిన సారం పరిస్థితీ అంతే, ఏమీ మిగల్లేదు. అంటే పనిచేసింది దాదాపుగా టానిన్లే, వాటి బలం ప్రొటీన్ ఉన్నచోట పోతోంది.

ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. నాన్న కాలికి కరక్కాయ నీళ్లు పోయకుండా డ్రెస్సింగ్ చేయించడమే మంచిదైందన్న ఊరట ఒకటి, ఇంతమంది పెద్దలు ఇన్ని తరాలు చెప్పినది ఒక్క చెంచా అల్బుమిన్‌కి ఓడిపోయిందన్న బాధ ఒకటి.

ఏప్రిల్ 6

పిప్పలి. ఇది ఒంటరిగా ఏమీ చేయదని తెలుసు, దీన్ని తీసుకున్నది వేరే కారణానికి. పిప్పలి, మిరియాల్లో ఉండే పైపరిన్ స్టెఫైలోకాకస్‌లోని నార్-ఏ అనే పంపుని అడ్డుకుని, సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ బయటికి పోకుండా చేస్తుందని జమ్మూ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. మొక్క తనంతట తాను చంపకపోయినా మందుకి తోడు నిలబడగలదన్న ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది.

అడ్డంగా సిప్రో, నిలువుగా పిప్పలి సారం పెట్టి గళ్ల ప్లేట్ చేశాను. ఆరింటిలో రెండింటికి సిప్రో ఎమ్‌ఐసీ మి.లీ.కి 32 మైక్రోగ్రాముల నుంచి 8కి దిగింది. నాలుగింటికి కదల్లేదు, బహుశా వాటిలో సిప్రో వెళ్లి అతుక్కునే ఎంజైమే మారిపోయి ఉంటుంది, పంపు మూసినా లాభం లేదు. నాలుగు రెట్లు దిగిందని రాయడానికి చేయి దురద పెడుతుంది. కానీ స్టెఫైలోకాకస్‌కి సిప్రో ఎమ్‌ఐసీ 4, ఆపైన వస్తే రెసిస్టెంటే. 8కి దిగినా రోగికి ఇచ్చే మందు పనిచేయదు. రెండు వాక్యాలూ పక్కపక్కనే రాశాను.

ఏప్రిల్ 20

సంతలో తాతని కలిశాను. జరిగిందంతా చెప్పాను, చీము కలిపితే కరక్కాయ పని చేయలేదని కూడా. విని ఆశ్చర్యంగా చూశాడు.

"చీము మీదే పోసీసినావేటి? ముందల ఉప్పునీళ్లు పోసి చీమంతా పోయేదాక కడగాల. తెల్లనీళ్లు వచ్చినాక అప్పుడు కరక్కాయ నీళ్లు. ఆ రోజే చెప్పినాను కదేటమ్మా."

చెప్పే ఉంటాడు. జనవరి 19 పేజీ తీసి చూశాను. 'కరక్కాయ నీళ్లు, గాయం కడగడానికి.' మొక్క పేరు రాసుకుని, చేసే వరస వదిలేశాను. తాత అడిగితే నోట్‌బుక్ చూపించాను. ఈసారి ఆయన చెప్తుంటే మాట మాట రాసుకున్నాను: ఉప్పు ఎంత (నాలుకకి కన్నీళ్లంత), కరక్కాయ ఎన్ని, ఎంతసేపు మరగాలి, ఎంతసేపు ఉంచి తీసేయాలి. షుగర్ పుండు, ఎముక కనిపించే పుండు అయితే తాను ముట్టుకోనని, ఆసుపత్రికి పంపేస్తానని కూడా చెప్పాడు. అదీ రాశాను.

మే 4

ఆ వరసనే ల్యాబ్‌లోకి తెచ్చాను. ఎమ్మార్‌ఎస్‌ఏని అల్బుమిన్‌తో కలిపి చిన్న గాజు ముక్కల మీద ఒక రాత్రి పెంచి, నాలుగు గుంపులు చేశాను: ఏమీ చేయనివి, 0.9 శాతం ఉప్పునీళ్లతో మాత్రమే కడిగినవి, కడగకుండా కరక్కాయ నీళ్లు పోసినవి, కడిగి ఆ తర్వాత కరక్కాయ నీళ్లు పోసినవి. కరక్కాయ నీళ్లు పీహెచ్ 7కి తెచ్చినవే, 30 నిమిషాలు. తర్వాత గాజు ముక్కని కడిగి, మిగిలిన బ్యాక్టీరియాని విడదీసి, సారం అగార్ మీదకి రాకుండా బాగా పలచన చేసి కాలనీలు లెక్కపెట్టాను.

కడగకుండా పోసినవాటికి, ఏమీ చేయనివాటికి పెద్ద తేడా లేదు. ఉప్పునీళ్లతో మాత్రమే కడిగినవాటిలో సుమారు పదో వంతు మిగిలాయి, అంటే కడగడమే సగం వైద్యం, ఇది డ్రెస్సింగ్ చేసే ఏ నర్సుకైనా తెలుసు. కడిగి కరక్కాయ నీళ్లు పోసినవాటిలో దానికంటే ఇంకో ఎనిమిది రెట్లు తక్కువ. రెండోసారి చేస్తే ఐదు రెట్లు. మూడోసారి ఏడు.

మే 17

థీసిస్ రాస్తున్నాను. గాజు ముక్క కాలు కాదు, ఇది మనుషుల గాయాల మీద వాడమని చెప్పడానికి పనికొచ్చే పరీక్ష కాదు, డాక్టరు రాసిన మందు ఆపి ఎవరూ దీన్ని వాడకూడదు అన్న మాటల్ని చివర్లో కాకుండా మొదటి పేజీలోనే పెట్టాను. నమూనాలు ఆరే అని కూడా. పద్ధతుల అధ్యాయంలో 'ముందు ఉప్పునీరు, తర్వాత కరక్కాయ' అన్న వరస నాది కాదని, సవర పెద్ద ఒకరు చెప్పినదని రాశాను. పేరు వేయనా అని అడిగితే తాత వద్దన్నాడు, ఊరి పేరు కూడా వద్దన్నాడు. ఆ రెండు పేజీలు ఒడియాలో, తెలుగులో ప్రింట్ తీసి వచ్చే సంతకి తీసుకెళ్లి చదివి వినిపిస్తాను, తప్పుంటే ఆయన చెప్పాకే బైండింగ్‌కి ఇస్తాను.

ప్లేట్లన్నీ 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేసి పారేశాం. ఆరు బ్యాక్టీరియా గ్లిసరాల్‌లో, మైనస్ 80లో ఉన్నాయి. జూన్‌లో చేరే జూనియర్ అమ్మాయికి ఉప్పునీళ్ల దశ నుంచి మొదలుపెట్టమని చెప్పి, జనవరి 19 పేజీ, ఏప్రిల్ 20 పేజీ రెండూ జిరాక్స్ తీసి ఇచ్చాను.